ట్రక్కు దిగిన మహారాణి

రాజమల్లు పెదనాయన పోయిన పదకొండో నాడు సంతాపసభ పెట్టారు. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు కాబట్టి సభ ఫోన్లలోనే జరిగింది. ఎవరింట్లో వాళ్ళం కూర్చుని, అగ్గిపెట్టెలంత గళ్ళలో మొహాలు పెట్టుకుని, మొహాలకు తగిన విచారం పెట్టుకుని మాట్లాడాం. ఒకరింట్లో కుక్కర్ కూత పెట్టింది. ఒకాయన ఫోను వెల్లకిలా పెట్టుకుని అరగంటసేపు సీలింగు ఫ్యానుతో నివాళి ఇప్పించాడు. "అన్నా, జర మ్యూట్ చెయ్యిన్రి" అని ఎవరో ఎవరినో బతిమాలుతూనే ఉన్నారు. నాకంటే ముందు ఏడుగురు మాట్లాడారు. ఏడుగురూ ఒకే మాట అన్నారు: స్థైర్యం. పెదనాయన స్థైర్యానికి మారుపేరట. ఆయనతో తగువు పడి మా తెలుగువాళ్ళ సంఘాన్ని మూడుసార్లు చీల్చిన పెద్దమనిషి కూడా ఆ మాటే అని కళ్ళు తుడుచుకున్నాడు. ఎనిమిదోదాన్ని నేను. కార్పొరేషన్ బడిలో తెలుగు చెప్పి చెప్పి జుట్టు నెరసినదాన్ని, నాలుగు కథలు రాసినదాన్ని, మంచి మాట చెబుతానని పిలిచారు. "కొండలాంటి మనిషి" అన్నాను. రెండు నిమిషాలు ఆ కొండను వర్ణించి ఫోను కట్టేశాను. పక్క గదిలోంచి అంతా వింటున్న మా ఆయన, "ఆ కొండ ఎన్నిసార్లు జరిగిందో చెప్పలేదేం?" అన్నాడు. చెప్పలేదు. చచ్చినవాళ్ళ గురించి మంచే చెప్పాలనే నియమం పెట్టినవాడు బహుశా ఏ నాయకుడో అయి ఉంటాడు.

నేను చెప్పని సంగతి గుజరాత్‌లో, మా పర్వత్ పాటియా బస్తీ ఇంట్లో మొదలవుతుంది. వరస ఇళ్ళలో నాలుగోది మాది. ఒక గది, వెనక గది అని మేం గౌరవంగా పిలుచుకునే ఒక మూల. నాయన సాంచాల కార్ఖానాలో మాస్టరు. సాంచా అంటే మరమగ్గం, అది మొరాయిస్తే లొంగదీసేవాడు మాస్టరు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మా మనుషులంతా ఆ చుట్టుపక్కలే ఉండేవాళ్ళు. పొద్దున్నుంచి పొద్దున్నదాకా సాంచాల చప్పుడే. మా వీధిలో మామూలుగా మాట్లాడుకున్నా ఊరివాళ్ళకు కొట్లాడుకుంటున్నట్టు వినిపించేది. నాయన ఇంటికి వస్తే నూనె వాసన, కాలిన పాలిస్టర్ దారం వాసన ఆయనకంటే ముందు వచ్చేవి. సబ్బుకు పోని ఆ నూనెను శనగపిండితో రుద్ది రుద్ది కడుక్కునేవాడు. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించేది. తిండికి కూర్చోవాలంటే ముందు చీరల గుట్టను మంచం మీదికి, పడుకోవాలంటే మళ్ళీ మంచం మీంచి కిందికి మార్చాలి. మా అన్నంలో రాయి రావడం తక్కువ, జరీ పోగు రావడం ఎక్కువ. నాయనకు నాటకాల పిచ్చి. చీర మడతల్లో పెట్టే అట్టముక్కలను పోగుచేసుకుని వాటి వెనక నాటకం రాసేవాడు. ఒక అంకం అంటే మాకు అర అడుగు ఎత్తు అట్టల కట్ట.

ఏటా మైదానంలో వేసే ఆ నాటకం పేరు స్థిరసింహ మహారాజ విజయం. శత్రువులు కోటను చుట్టుముడతారు. సొరంగంలోంచి పారిపొమ్మని మంత్రి చెబుతాడు, సేనాపతి చెబుతాడు, చివరికి మహారాణి కాళ్ళ మీద పడి ఏడుస్తుంది. రాజు కత్తిని నేలకు గుచ్చి, "కదలను!" అంటాడు. అంతే కథ. మిగిలిందంతా పద్యాలు. రాజు వేషం రాజమల్లు పెదనాయనది. రక్తసంబంధం కాదు, వరసకు పెదనాయన. ఆయన కదలను అంటే మైదానంలో ఈలలు, రుమాళ్ళు ఎగరడాలు. రాత్రి షిఫ్టు వాళ్ళ కోసం మా నాటకం మధ్యాహ్నమే మొదలయ్యేది. మొహానికి పూసిన రంగు ఎండకు కరిగి మెడలోకి కారుతున్నా ఆయన చెయ్యి తుడుచుకోవడానికి లేచేది కాదు. ఒకసారి వేదిక మీది పలక విరిగి కాలు మోకాలిదాకా దిగబడితే, అలాగే దిగబడి మూడు పద్యాలు పాడాడు. ఊళ్ళో ఆయన పేరే కదలను రాజమల్లు అయిపోయింది.

వేదిక దిగితే మాత్రం ఆయనంత తేలిగ్గా కదిలే మనిషిని నేను చూడలేదు. వాళ్ళింట్లో ఒక ఇనప్పెట్టె ఉండేది, అందులో అన్ని పార్టీల కండువాలు ఇస్త్రీ చేసి ఉండేవి. పెద్దమ్మ వాటిని విడివిడిగా ఉతికేది, ఒకదాని రంగు ఒకదానికి అంటుతుందని భయం. "రంగు పోయే కండువ మా ఇంట్ల లేదే, మనిషే రంగు మారుతడు" అని మా అమ్మతో అనేది. పొద్దున ఏ కండువాతో బయటికి పోయినా సాయంత్రం ఏ కండువాతో తిరిగొస్తాడో ఆమెకే తెలియదు. ఆయన నిజంగా నిలబడింది ఎన్నికల్లోనే. అక్కడా నామినేషన్ వేసిన వారానికి ఎవరో వచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. అయినా మా నాయనకు ఆయనంటే ప్రాణం. తాను రాసిన మాటను అంత గొప్పగా పలికే గొంతు ఇంకొకటి లేదనే మోహంలో, ఆ గొంతుకూ ఆ మనిషికీ సంబంధం ఉందని నమ్మేశాడు. రచయితలకు ఉండే జబ్బే ఇది. నాకూ ఉంది.

రాణి వేషం అయిలయ్య కాకది. సన్నటి మనిషి, కార్ఖానాలో నాలుగు సాంచాలు నడిపేవాడు. చీర కట్టి సవరం పెడితే ఆడవాళ్ళు కూడా అసూయపడేంత బాగుండేవాడు. కానీ పిరికి. కుక్కంటే భయం, ఉరుమంటే భయం, పోలీసంటే భయం. అన్నిటికంటే ఎక్కువ భయం జనమంటే. ఇంట్లో రిహార్సల్లో చీరల గుట్టల మధ్య ఏడిస్తే అమ్మ కూడా కత్తెర పక్కన పెట్టి ముక్కు చీదేది. అదే వేదిక మీద ఐదువందల మందిని చూస్తే ఆయన కాళ్ళు ఆయన మాట వినేవి కావు. మొదటి యేడు కాళ్ళ మీద పడబోయి, లేచి, తెర వెనక్కి ఉరికి, ఆ ఉరుకు ఉరుకు ఉధ్నా రోడ్డుదాకా పోయాడు. పచ్చటి పట్టుచీరలో రాణిగారు ట్రాఫిక్ దాటుతుంటే బస్సువాళ్ళు ఆపి దారిచ్చారట. రెండో యేడూ ఉరికాడు. అయినా మూడో యేడు మళ్ళీ ఆయనకే వేషం ఇచ్చారు. ఎందుకు ఇస్తున్నారో నాకు అప్పుడు అర్థం కాలేదు, చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

నేను పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న యేడు తాపీ నదికి వరద వచ్చింది. వరద తీసి, వినాయకుణ్ణి నీళ్ళలో కలిపిన వారం తిరక్కుండానే ఊళ్ళోకి ప్లేగు వచ్చిందన్నారు. ఎంతమందికి వచ్చిందో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరి నోటికి వచ్చిన లెక్క వాళ్ళు చెప్పారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ గోళీలు అయిపోయాయి, తర్వాత రుమాళ్ళు అయిపోయాయి, తర్వాత దుకాణాలవాళ్ళే లేకుండా పోయారు. స్టేషన్లో రైలు డబ్బాల మీద చీమల్లా జనం. సాయంత్రం పెదనాయన మా వీధి మొగలో చీరల పెట్టె మీద ఎక్కి ఉపన్యాసం ఇచ్చాడు. ఆ గొంతు నాకింకా చెవుల్లో ఉంది. "ఎవ్వలు భయపడొద్దు. ఎవ్వలు పోవద్దు. మనం అన్నం తిన్న ఊరిది. నేనైతే పోను. నా శవం లేసినంకనే ఈ బస్తీ ఖాళీ అయితది!" చప్పట్లు కొట్టారు. నాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తన నాటకం వేషం విప్పి నిజమైపోయిందనుకున్నాడు పాపం.

మర్నాడు మధ్యాహ్నానికి వీధి మొగలో ట్రక్కు ఉంది. ప్రజల కోరిక మేరకు అన్నాడు పెదనాయన. కడోదరా దాటి హైవే ఎక్కితే రెండు రోజుల్లో మన ఊళ్ళో ఉంటామన్నాడు. ఇంటింటికీ కబురు పోయింది. నాకు అంతకు రెండు రోజుల ముందు నుంచి జ్వరం. ఏటా వరద తర్వాత వచ్చే జ్వరమే. కానీ ఆ యేడు జ్వరం అనే మాటను ఎవరూ గట్టిగా అనేవాళ్ళు కాదు. అమ్మ నాకు ఆ ఎండలో దుప్పటి కప్పి నడిపించుకొచ్చింది, ఆ దుప్పటే నన్ను పట్టిచ్చింది. అప్పటికే ట్రక్కులో నలభై మంది దాకా ఎక్కి ఉన్నారు. మూటలు, స్టవ్వులు, ఒక కుట్టుమిషను, రెండు మేకలు. మా మేనత్త తన ఇద్దరు పిల్లలతో ముందువరసలో కూర్చుంది. అయిలయ్య కాక మూలన ఒక బొంత మీద మోకాళ్ళు ముడుచుకుని, మూతికి మూడు రుమాళ్ళు ఒకదాని మీద ఒకటి కట్టుకుని ఉన్నాడు. మేం కూడా ఎక్కి కూర్చున్నాం. ట్రక్కు తలుపు వెయ్యబోతూ పెదనాయన నా వైపు చూశాడు. దగ్గరికి వచ్చి నా నుదుటి మీద మునివేళ్ళు పెట్టి చప్పున తీసేశాడు.

"మాస్టరూ, పిల్లకు కాలుతాంది."

"మలేరియా గావచ్చు అన్నా. ఏటా అస్తది కదా."

"గావచ్చు అంటే గాదు. నలభై మంది పానాల సవాలు. దిగుర్రి."

నాయన మనుషుల వంక చూశాడు. ఒక్కరైనా ఏదైనా అంటారని. మా అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తోంది. ఆ రోజు అంతమంది అంత శ్రద్ధగా ఆకాశాన్ని ఎందుకు చూశారో ఆకాశానికే తెలియాలి. అమ్మ నన్ను దింపి, మూట దింపి, తను దిగి, పెదనాయన మొహంలోకి చూసింది.

"బావా, నిన్న శవం లేసినంకనే అన్నవ్. ఎవల శవమో చెప్పకపోతివి."

ఆయన అటు తిరిగి తలుపు గొళ్ళెం వేశాడు. ట్రక్కు కదిలింది. మలుపు దగ్గర మాత్రం ఆగింది, లోపల ఎవరో గొంతు చించుకుంటున్నారు. చూస్తే అయిలయ్య కాక. వెనక తలుపు మీదినుంచి దిగబోయి, బొంత కాలికి చుట్టుకుని, మోకాలు చెక్కుకుపోయేలా రోడ్డు మీద పడ్డాడు. ట్రక్కు మళ్ళీ ఆగలేదు. కుంటుతూ మా దగ్గరికి వచ్చాడు. "సవరం మర్శిపోయిన వదినె. రాణి సవరం" అన్నాడు.

తర్వాతి పదకొండు రోజులు మా వీధిలో మేం నలుగురం, దిక్కులేని కొన్ని కుక్కలు. మొట్టమొదట భయపెట్టింది నిశ్శబ్దం. పుట్టి బుద్ధెరిగాక సాంచాల చప్పుడు లేని పూట నాకు తెలియదు. మా మాటలు మాకే వినిపించి సిగ్గేసేది. నల్లా దగ్గర మొదటిసారి లైను లేదు, నీళ్ళు ఎంత కావాలంటే అంత, పట్టుకునేవాళ్ళే లేరు. నాయన గడపలో కూర్చుని ఖాళీ రోడ్డును చూసేవాడు. అయిలయ్య కాక వంట చేసేవాడు, నీళ్ళు తెచ్చేవాడు, వేపాకు నమిలేవాడు, కర్పూరం వాసన చూసేవాడు, గంటకోసారి తన చంకల్లో తనే తడుముకుని గడ్డ ఏమైనా లేచిందేమోనని ఏడ్చేవాడు. ఏడుస్తూనే నా తలకు తడిగుడ్డ మార్చేవాడు. కుక్క మొరిగితే అప్పటికీ గోడకు అతుక్కుపోయేవాడు. ఇంత భయపడే మనిషి ఇక్కడ ఎందుకున్నాడో మాకెవరికీ అడగడానికి ధైర్యం చాల్లేదు. అడిగితే వెళ్ళిపోతాడేమోనని.

మూడో నాడు నాకు ఒళ్ళు తెలియలేదు. ఆటోలు లేవు. కాక కార్ఖానా గోడ పక్కనున్న, చీరల మూటలు తోసే నాలుగు చక్రాల బండి తెచ్చాడు. దాని మీద నన్ను పడుకోబెట్టి నాయనా ఆయనా పెద్దాసుపత్రిదాకా తోశారు. అమ్మ పక్కన గొడుగు పట్టుకుని నడిచింది. అక్కడ మూతికి గుడ్డ కట్టుకున్న ఒక డాక్టరమ్మ నెత్తురు తీసుకుంది. సాయంత్రందాకా అరుగు మీద కూర్చున్నాం. చీటీ పట్టుకుని బయటికి వచ్చిన కాక మొహం చూసి అమ్మ పైట నోట్లో కుక్కుకుంది. ఆయన మూడు రుమాళ్ళూ ఒక్కసారి లాగేసి, "మలేరియానట వదినె! మలేరియా! మన మలేరియానే!" అని అరిచాడు. దారి పొడుగునా, మూసిన తలుపులకు, ఆరని లైట్లకు ఆ శుభవార్త చెబుతూ బండి తోశాడు. మలేరియాను అంత ఆనందంగా ఊరేగించిన మనిషి ఆ పట్టణంలో ఇంకెవరూ ఉండరు.

ప్లేగు భయం తగ్గింది. మనుషులు ఒక్కరొక్కరే తిరిగి వచ్చారు. పెదనాయన దండతో వచ్చాడు, ఎవరు వేశారో తెలియదు. మళ్ళీ అదే పెట్టె మీద ఎక్కి, "నాయకుడంటే ప్రజల ఎంబడి ఉండాలె. ప్రజలు పోయిన్రు, నేను ఎంబడి పోయిన" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. ప్రజల వెంట అన్నాడు గానీ, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని ప్రజలకు ఆరడుగులు ముందే ఉన్నాడు. నాయన ఆ సాయంత్రం అట్టల కట్టను తాడుతో కట్టి అటక మీద పడేశాడు. "ఇగ నేను రాయ. ఆనికి నా మాట ఇయ్య" అన్నాడు. అమ్మ కత్తెర ఆపకుండా, "సూద్దాం" అంది.

పెదనాయన తర్వాతి యేడు నాటకం నెల ఉందనగా మా ఇంటికి వచ్చాడు. తప్పయింది అనలేదు. ఆ మాట ఆయనకు ఏ నాటకంలోనూ రాసి ఇవ్వలేదు మరి. అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, నాయన మొహంలోకి సూటిగా చూశాడు.

"మాస్టరూ, నామీద నీకు కోపం. ఉండాలె. కానీ ఆ దినం మిమ్ముల దించింది నేనొక్కన్నేనా? ట్రక్కుల నలభై మంది. ఒక్క నోరు లేవలే. నీ తోడవుట్టింది సుత ఆడనే ఉండె. ఆమె ఇంటికి నువ్వు పండుగకు పోయి అన్నం తిన్నవ్. నా ఇంటికే రావు."

నాయన పక్కనున్న చీరల్లోంచి ఒక అట్టముక్క తీశాడు.

"ఒక్క ముచ్చట చెప్పు. నీ బిడ్డ గాక ఇంకోని బిడ్డకు జరమైతే, నువ్వు ట్రక్కు మీద కూసుంటే, ఏం జేద్దువు?"

నాయన చాలాసేపు అట్టముక్క అంచును గోటితో గీరాడు. నేను వెనక గదిలోంచి చూస్తున్నాను. ఆయన ఏదైనా అంటాడని, దిగేవాణ్ణి అంటాడని నా ప్రాణమంతా చెవుల్లో పెట్టుకున్నాను. అనలేదు. అబద్ధం రాయడం వచ్చు గానీ చెప్పడం రాదు ఆయనకు. కాసేపటికి లేచి స్టూలు వేసుకుని అటక మీంచి కట్ట దింపాడు. అమ్మ ఆ పూట నాయనకు అన్నం పెట్టి, మాట మాత్రం పెట్టలేదు. మూడు రోజులు.

నాటకం రోజున మైదానం ఎన్నడూ లేనంత నిండింది. రాజమల్లు కదలను అనడం చూడ్డానికే వచ్చారు, అది అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. మంత్రి చెప్పాడు. సేనాపతి చెప్పాడు. అయిలయ్య కాక వణుకుతూ వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పెదనాయన కత్తి గుచ్చాడు. "కదలను!" అన్నాడు. ముందు వరసలో చాప మీద కూర్చున్న లస్మవ్వ, డెబ్బై ఏళ్ళ ముసలిది, పళ్ళు లేని నోటితో, "ట్రక్కు అచ్చింది రాజమల్లూ, ఎక్కు!" అంది.

అంత నవ్వు నేను మళ్ళీ వినలేదు. మనుషులు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ట్రక్కులో ఆకాశం చూసినవాళ్ళు అందరికంటే ఎక్కువ నవ్వారు. హారను కూతలు, "దిగుర్రి దిగుర్రి" అని అరుపులు. ఆ హోరుకు అయిలయ్య కాక ఒక్క ఉదుటున లేచి కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పరుగో పరుగు. నేరుగా మా ఇంటికే వచ్చి గుక్కెడు నీళ్ళు అడిగాడట అమ్మను. వేదిక మీద పెదనాయన ఒక్కడే మిగిలాడు. కత్తి మీద రెండు చేతులు, ఒక కాలు మెట్టు మీద, కళ్ళు ఎటో దూరాన. రంగు కారి మీసం మీద పడుతోంది. తుడుచుకోలేదు. కోప్పడలేదు. తెర దించమని సైగ చెయ్యలేదు. నవ్వు తనంతట తాను అలిసిపోయి చచ్చేదాకా నిలబడ్డాడు. అప్పుడు మెల్లగా, "రాణీ, నువ్వు వెళ్ళావు. వెళ్ళడమే మంచిది. నీ కన్నీళ్ళకు నా జవాబు ఒక్కటే" అని, మా నాయన రాయని మాటలు అని, గొంతు బాగా తగ్గించి, దాదాపు తనలో తాను అనుకున్నట్టు, "కదలను" అన్నాడు. మైదానం గుండెలమీద ఎవరో చెయ్యి వేసినట్టు ఊరుకుండిపోయింది. తర్వాత చప్పట్లు. లస్మవ్వ కూడా కొట్టింది. ఒప్పుకోవాలని లేదు గానీ, నా ఒళ్ళు జలదరించింది. ఆ రెండు చేతుల్లో ఒకటి నా నుదుటి మీంచి చప్పున వెనక్కి పోయిన చెయ్యే.

తర్వాత ఆయన ఇంకెన్ని కండువాలు మార్చాడో లెక్క మాకు లేదు. కరోనా మొదటిసారి వచ్చి అన్నీ మూసేసినప్పుడు, సాంచాలు ఆగిపోయి, మా మనుషులు పిల్లలను భుజాన వేసుకుని కడోదరా దగ్గర హైవే ఎక్కుతున్నప్పుడు, ఆయన అందరి ఫోన్లలోకి వీడియో పంపాడు. ముసలి గొంతయినా అదే నిండుదనం. "ఎవ్వలు కదలొద్దు. ఉన్న జాగలనే ఉండున్రి." వెనకాల మామిడిచెట్లు ఊగుతున్నాయి. ఊరికి దూరంగా కొడుకు కట్టిన తోట ఇంట్లోంచి మాట్లాడుతున్నాడు. ఈసారి ట్రక్కు కూడా అక్కర్లేకపోయింది. నాయన బతికి ఉంటే ఆ వీడియో చూసి ఏమనేవాడో. నేనైతే పదిమందికి పంపి నవ్వుకున్నాను. రెండోసారి వచ్చినప్పుడు ఆ తోటలోకే వెతుక్కుంటూ వచ్చింది జబ్బు. తీసుకెళ్ళినప్పుడు వెంట ఎవరినీ రానివ్వలేదు. కొడుకు ఒక్కడే, అదీ దూరంగా, చివరి చూపు చూశాడట. ఆ సంగతి విన్నాక నాకు నవ్వు రాలేదు. రాకపోయేసరికి కోపం వచ్చింది.

సంతాపసభలో అయిలయ్య కాక గడి లేదు. ఇప్పుడు ఊరి చివర వడోద్‌లో బిడ్డ దగ్గర ఉంటాడు, చెవులు సరిగా వినపడవు. సభ అయ్యాక ఫోను చేసి కబురు చెప్పాను. ఆయనకు ఎవరూ చెప్పలేదు. వినగానే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు చిరాకు వేసింది.

"గాయినకోసం ఏడుస్తవేంది కాకా? మనల్ని దించి పోయిండు కదా."

"దించిండు బిడ్డా. కాదన్ననా? గానీ నేను ఉరికిన ప్రతిసారి నా మాటలు సుత గాయినే చెప్పి ఆట నిలబెట్టిండు. ఒక్కనాడు నన్ను కోపం చెయ్యలే. మీ నాయననే, వీనికి వద్దు, వేరేటోన్ని పెడదాం అన్నడు. రాజమల్లన్ననే, కాదు, అయిలయ్యనే రాణి అన్నడు. ఏడేండ్లు."

ఇన్నేళ్ళూ అడగనిది అప్పుడు అడిగాను. "నువ్వు ట్రక్కు ఎందుకు దిగినవ్ కాకా? నిజంగ సవరానికేనా?"

"సవరం లేదు ఏం లేదు. డ్రైవరు తాగి ఉండె బిడ్డా. నేను క్యాబిన్ ఎన్క మూలకు కూసుంటే కిటికీల నుంచి వాసనచ్చింది. రెండు దినాల తొవ్వ. నా పానం గజగజ అయింది. దిగిన."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సగం జీవితం ఆయన్ను దేవుడి పక్కన కూర్చోబెట్టుకున్నాను. "మరి పదకొండు దినాలు ఎందుకు ఉన్నవ్? తెల్లారి రైలుకు పోవచ్చు కదా?"

"దిగినంక మీరు ఆడ్నే ఉంటిరి. నీకు జరముండె. ఇగ నేను యాడికి పోత?" అన్నాడు, ఇదొక ప్రశ్నా అన్నట్టు. తర్వాత, "మందులు ఏసుకుంటున్నవా? ఇంట్లనే ఉండు" అని పెట్టేశాడు.

ఫోను చేతిలో పెట్టుకుని కూర్చుంటే, అందరి గురించీ ఇంత చెప్పిన నేను నా గురించి చెప్పుకోని సంగతి ఒకటి ఎదురొచ్చి కూర్చుంది. మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో హంసాబేన్ ఒక్కతే ఉంటుంది. భర్త పోయాడు, కూతురు బరోడాలో. మొదటిసారి కరోనాలో ఆవిడకు జ్వరం వచ్చింది. అంబులెన్సు కింద గేటు దగ్గరికి వస్తానంది, లిఫ్టు ఆపేశారు, కళ్ళు తిరుగుతున్నాయి. ఒక్కొక్క తలుపూ కొడుతూ దిగింది, కిందిదాకా ఎవరైనా చెయ్యి పట్టుకుంటారేమోనని. మా తలుపు కొట్టింది. "సరోజ్! సరోజ్!" అంది. నేను తలుపుకు ఇటువైపు నిలబడి, "రెయిలింగ్ పట్టుకుని మెల్లగా దిగండి బేన్, నేను ఫోను చేసి వాళ్ళను పైకి రమ్మంటాను" అన్నాను. ఫోను చేశాను కూడా. వాళ్ళు వచ్చేలోపే ఆవిడ దిగిపోయింది. ఆవిడ చెప్పులు ఒక్కో మెట్టూ ఈడ్చుకుంటూ దిగడం కిందిదాకా విన్నాను. ఆవిడ బాగై వచ్చింది. తర్వాత పండో కూరో పంపుకున్నాం. ఆ రోజు గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మర్నాడు పొద్దున్నే మెట్లెక్కి వెళ్ళాను. మాస్కు పెట్టుకుని గుమ్మంలో నిలబడి, నాకు వచ్చిన గుజరాతీలో, ఆ రోజు తలుపు తియ్యనందుకు క్షమించమన్నాను. హంసాబేన్ కొత్తిమీర తుంచుతోంది. తల ఎత్తి నవ్వింది.

"అరే, తూ బోలీ తో ఖరీ" అంది. నువ్వు మాట్లాడావు కదా, అని. కింది అంతస్తుల్లో తను తలుపు కొట్టేసరికి లోపల నడుస్తున్న టీవీ టక్కున ఆగిపోయిందట, మూడిళ్ళలోనూ. ఇంట్లో లేనట్టు. "నీ గొంతు ఒక్కటే వినిపించింది. ఆ గొంతు పట్టుకునే దిగాను" అని, ఎప్పటి మాటో తలుచుకుని నా మోచెయ్యి తట్టి, చా పెడతాను కూర్చోమని లోపలికి వెళ్ళింది.

నేను కూర్చున్నాను. ఆవిడ తలుపు కొట్టిన ఆ సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే టీవీ కట్టెయ్యమని మా ఆయనకు సైగ చేసింది నేనే. ఊపిరి బిగబట్టి నిలబడ్డాం ఇద్దరం. ఆవిడ పేరు పెట్టి పిలవకపోతే నా నోరు లేచేది కాదు. ఆ సంగతి చెబుదామనే నోరు తెరిచాను. ఆవిడ అల్లం దంచుతూ, తన కూతురికి నా గురించి ఎంత చెప్పిందో చెబుతోంది. చా వచ్చింది. తాగాను. చాలా బాగుందన్నాను.